తర్వాత గుర్తుచేయి

అక్టోబర్ 29

మళ్లీ వచ్చింది దరిద్రం. తెర పైన కుడి మూలన ఎర్ర గుర్తు. నొక్కితే, మీ బ్రౌజర్ పాతదైపోయింది, భద్రత కోసం వెంటనే అప్‌డేట్ చేసుకోండి అంటుంది. కింద రెండు బటన్లు. ఒకటి ఇప్పుడే, రెండోది తర్వాత గుర్తుచేయి. నేను రెండోదే నొక్కుతాను. అది గుర్తుచేయడం మానదు, నేను తర్వాత అనడం మానను. అత్తాకోడళ్ల పోరు నయం, వాళ్లకు పండగ పూటైనా సెలవుంటుంది.

ఈ డైరీ జనవరిలో విత్తనాల షాపు వాళ్లు బాపుకు ఇచ్చింది. ఆయన ఒక్క పేజీ ముట్టుకోలేదు. ఇవాళ ఆయన మీద ఊరికే అరిచాను. చేసిన తప్పేమీ లేదు, టీ చల్లారిందన్నాడు, అంతే. ఇకమీదట అరవాలనిపిస్తే ఇందులో అరుస్తాను.

ఆగస్టులో బుద్ధి గడ్డి తిని ఒకసారి ఇప్పుడే అని నొక్కాను. బ్రౌజర్ కొత్త పెళ్లికూతురిలా తయారైంది, నా ఆన్‌లైన్ సేవల సెంటర్‌లోని వేలిముద్ర మిషన్ మాత్రం చచ్చింది. తీసి పెట్టినా, తుడిచి పెట్టినా, మిషన్ కనబడడం లేదనే మాట తప్ప ఇంకోటి లేదు. జనమంతా రోడ్డు దాటి జైపాల్ సెంటర్‌కు పోయారు. చివరికి కంప్యూటర్లు బాగుచేసే నౌమాన్ వచ్చి, ఎక్కడి నుంచో పాత వెర్షన్ వెతికి ఎక్కించి, ఇక తనంత తాను మారకుండా కట్టేసిపోయాడు.

పోతూ పోతూ, "అక్కా, గిది తలుపుకు గొళ్లెం పెట్టకుంట పండుకున్నట్టే. జర యాదుంచుకో" అన్నాడు.

యాదుంది నాయనా. కానీ రేపో మాపో నవంబర్. పింఛనుదారులంతా మేం బతికే ఉన్నామని వేలు పెట్టి చూపించుకునే నెల. ఏడాదంతా ఈగలు తోలుకునే నా సెంటర్ ముందు క్యూ కట్టే నెల అదొక్కటే. మిషన్ మళ్లీ చస్తే నేనేం పెట్టి నడపాలి? నవంబర్ దాటనీ, చేస్తాను.

నవంబర్ 1

నిన్న దీపావళి. ఇవాళ షట్టర్ ఎత్తకముందే క్యూ.

సగం మందికి వేలిముద్రలే లేవు. గనిలో తట్టలు మోసి, డ్రిల్లు పట్టి వేళ్లు నున్నగా అరిగిపోయాయి. ఎల్లన్న కాక వేలు నొక్కీ నొక్కీ విసిగి, "నా ఏలు మీద ఏం లేదు బిడ్డా, ఉన్నదంతా బొగ్గు బాయిలనే ఇడిశిపెట్టచ్చిన" అన్నాడు. వ్యాజలైన్ రాసి, తుడిచి, బొటనవేలు కాకపోతే ఉంగరం వేలు, అదీ కాకపోతే ఎడమ చెయ్యి. ఎట్టకేలకు పచ్చ లైటు వెలిగింది. ఎల్లన్న కాక మళ్లీ ఏడాదికి బతికాడు.

బాపు బయట స్టూలు వేసుకుని క్యూ నడిపిస్తున్నాడు. గనిలో సర్దార్‌గా ఒక గ్యాంగును నడిపిన మనిషి. రిటైరై ఇన్నేళ్లైనా గొంతులో ఆ సర్దారీ పోలేదు. "లైను తప్పితే షిఫ్టు మొత్తం ఆపుత" అంటాడు. ముసలివాళ్లంతా నవ్వుతూనే లైనులో నిలబడతారు.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్. షట్టర్ గజగజలాడింది, బల్ల మీద దుమ్ము. మూలన ఎర్ర గుర్తు మాత్రం చెక్కు చెదరలేదు.

నవంబర్ 3

మల్లక్క వచ్చింది, కూతురు తిరుమలను వెంటబెట్టుకుని. మల్లక్క భర్త బిక్షం గనిలో సర్వీసులో ఉండగానే చనిపోయాడు. తండ్రి బదులు ఇచ్చే డిపెండెంట్ ఉద్యోగం తిరుమలకు రావాలి. కాగితాలన్నీ నేనే ఎక్కించాను, మెయిల్ కూడా నేనే తెరిచాను. మెడికల్ పరీక్షకు పిలుపు ఆ మెయిల్‌కే వస్తుంది. వచ్చాక గడువులోపల వస్తానని నొక్కాలి. నొక్కకపోతే రాననే లెక్క. ఈ బ్యాచ్ తప్పితే తిరుమలకు వయసు దాటిపోతుంది.

"దినాం సూడు చెల్లె. నాకా ఫోనుల ఏం సమజ్ గాదు. నీ మీదనే భారమేసిన" అంది మల్లక్క.

"నా మీద ఇడిశిపెట్టు అక్కా, ఫికర్ చెయ్యకు" అన్నాను.

చూశాను. రాలేదు. పాస్‌వర్డు కొట్టే పని కూడా లేదు, బ్రౌజరే దాచిపెట్టుకుంటుంది. మా కాలనీలో అందరి పాస్‌వర్డులూ నాకు తెలుసు. నేను పెట్టినవే కదా. జనం మర్చిపోకుండా ఒక పద్ధతి పెట్టాను. ముందు ఇంటాయన పేరు, తర్వాత ఆయన బత్తి నంబరు. గనిలోకి దిగేముందు ల్యాంపు రూంలో నెత్తికి పెట్టుకునే బత్తి తీసుకునే నంబరు అది. ఉద్యోగం పోయినా, మనిషే పోయినా, ఆ నంబరు మాత్రం ఇల్లంతా నిద్రలో లేపి అడిగినా చెబుతారు. బిక్షం నంబరు చెప్పేటప్పుడు మల్లక్క ఇప్పటికీ కొంగు సర్దుకుంటుంది.

అప్పట్లో ఆ పద్ధతి పెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

నవంబర్ 6

ఇవాళా ఎర్ర గుర్తు అడిగింది. తర్వాత అన్నాను.

నవంబర్ 8

నౌమాన్ కీబోర్డు మార్చడానికి వచ్చి, ఎర్ర గుర్తు చూసి తల కొట్టుకున్నాడు.

"అక్కా, ఎన్ని రోజులాయె నేను చెప్పి? ఇంకో కంప్యూటర్ తీసుకో. గిది ఒట్టి వేలిముద్రకే ఉండనియ్. మెయిళ్లు, బ్యాంకులు దీంట్ల తెరవకు."

"తీసుకుంట తమ్మీ, నవంబర్ దాటనియ్."

"దొంగోడు నీ నవంబర్ కోసం ఆగుతడా?"

అయినా నా మొహం చూసి జాలిపడి, దీంట్లోనే ఇంకో కొత్త బ్రౌజర్ వేసి పెట్టాడు. పాతది మిషన్‌కు, కొత్తది మిగతా అన్నిటికీ. చాయ్ కూడా తాగకుండా పోయాడు. కోపం వచ్చినట్టుంది.

బాపు మాత్రం, "నడుస్తున్నదాన్ని కెలుకుడెందుకు? మోటరు ఆగినంక సూడాలె గని" అన్నాడు. ఇంట్లో ఒక్కరైనా నా పక్షం ఉన్నారు.

నవంబర్ 11

కొత్త బ్రౌజర్ రెండు పూటలు వాడాను. దాన్లో ఒక్క పాస్‌వర్డూ లేదు, ప్రతి ఒక్కటీ మళ్లీ కొట్టాలి. వెనక క్యూ దగ్గుతూ ఉంటుంది, ముందు బ్రౌజర్ నువ్వెవరు అంటుంది. రఘుపతి సార్ పింఛను స్లిప్పు తియ్యడానికి పట్టినంతసేపట్లో పాతదాంట్లో నలుగురి పని అయిపోయేది.

పాతదానికే తిరిగి వచ్చాను. రద్దీ వరకే.

నవంబర్ 13

చాలా చెడ్డ రోజు. బ్యాంకు సైటు తెరిస్తే, మీ బ్రౌజర్ పాతది, లోనికి అనుమతి లేదని మొహం మీదే తలుపు వేసింది. ఎన్నాళ్లుగానో బెదిరిస్తూ వచ్చింది, ఇవాళ అన్నంత పనీ చేసింది. కాసేపటికి మన్సూర్ భాయ్ ఆధార్ కాగితం సైజు తగ్గిద్దామని ఏదో సైటు తెరిచాను. తెరంతా కప్పేస్తూ పెద్ద బోర్డు. మీ బ్రౌజర్ ప్రమాదంలో ఉంది, మీ ఫైళ్లన్నీ పోతాయి, ఇప్పుడే అప్‌డేట్ చేయండి. ఈసారి తర్వాత అనే బటనే లేదు. మూసినా మూసుకోదు.

వెనక మన్సూర్ భాయ్, "జల్ది అమ్మా, డ్యూటీకి టైమైతుంది" అంటున్నాడు. బయట బాపు ఎవరితోనో లైను గురించి గొడవపడుతున్నాడు. ఇన్నాళ్లు మొండికేశాను, ఇక చాలు, చస్తే చచ్చింది మిషన్ అనుకుని, దేవుడి మీద భారం వేసి నొక్కేశాను.

ఏదో దిగింది. తెర మీద నల్లటి డబ్బా ఒకటి తటాలున మెరిసి పోయింది. అంతే.

భయంభయంగా మిషన్ పెట్టి నా వేలే నొక్కి చూశాను. పచ్చ లైటు!

నవంబర్ 14

ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో చేసేదాన్ని. అప్‌డేటూ అయింది, మిషనూ బతికే ఉంది. నౌమాన్‌కు ఫోన్ చేసి గొప్ప చెప్పుకుందామనుకున్నాను, ఎత్తలేదు. బాపుకు మిర్చీలు తెప్పించాను. ఆయన దగ్గుతూనే తిన్నాడు.

ఎర్ర గుర్తు ఇంకా కనిపిస్తోంది. పోవడానికి టైం పడుతుందేమో.

నవంబర్ 17

ఎల్లన్న కాక మెయిల్ తెరుచుకోలేదు. పాస్‌వర్డు తప్పంటుంది. కాక మనవడెవరో మార్చి ఉంటాడు, ఈ పిల్లలకు ఫోను దొరికితే ఆగరు. మనవడిని అడగమన్నాను.

నవంబర్ 18

రఘుపతి సార్‌ది కూడా. సార్‌కు మనవళ్లు లేరు.

కంప్యూటర్ ముక్కుతూ మూలుగుతూ నడుస్తోంది. దుమ్ము.

నవంబర్ 19

మల్లక్క కూరగాయల సంచీతో వచ్చి గుమ్మంలోనే నిలబడి, "ఏమన్న అచ్చిందా చెల్లె?" అంది. రోజూ అడిగే మాటే.

తెరిచాను. పాస్‌వర్డు తప్పు. బిక్షం పేరు, బిక్షం నంబరు, నేనే నా చేత్తో అక్షరం అక్షరం కొట్టాను. తప్పు. ఇంకోసారి కొట్టాను. అప్పుడూ తప్పే.

"సర్వర్ డౌన్ ఉన్నదక్కా. రేపు చూస్త" అన్నాను.

ఆమె నమ్మింది. నేనేం చెప్పినా నమ్ముతుంది. సంచీలోంచి రెండు సొరకాయ ముక్కలు తీసి బల్ల మీద పెట్టి పోయింది.

నవంబర్ 20

నౌమాన్‌ను నేనే పిలిచాను. కూర్చుని చాలాసేపు చూశాడు. ముందు నెట్ తీగ పీకేశాడు. అప్పుడే నాకు అర్థమైంది.

"ఏం నొక్కినవ్ అక్కా?"

"అప్‌డేటే నొక్కిన. నువ్వే గదా చెయ్యమన్నవ్."

"నీ బ్రౌజర్ ఇంకా ఆగస్టుల నేనేసిందే ఉన్నది. గది అప్‌డేట్ కాదు. అప్‌డేట్ ఏసం కట్టుకొని అచ్చినోడు."

నెలల తరబడి అసలుదాన్ని వాకిట్లో నిలబెట్టి, దొంగను మాత్రం లోపలికి పిలిచి కూర్చోబెట్టానన్నమాట. బ్రౌజర్ దాచుకున్న పాస్‌వర్డులన్నీ వాడి దగ్గరకు పోయాయి. నేను దాచనివి కూడా పోయినట్టేనట. అన్నీ ఒకే అచ్చున ఉన్నాయి కదా, పది చూస్తే పదకొండోది ఎవడైనా చెబుతాడు. నా పద్ధతి!

"ఇయ్యాలనే అందరికి చెప్పక్కా. సైబర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చెయ్. ఎంత లేటైతే అంత ఖరాబు."

"చెప్త" అన్నాను.

చెప్పలేదు.

నవంబర్ 21

ఆలోచిస్తే, అంత పెద్ద విషయమేం కాదేమో. ఈ ముసలివాళ్ల మెయిళ్లలో ఏముంటుంది? గ్యాస్ బుకింగులు, కరెంటు బిల్లులు. దొంగ చూసి వాడే విసుక్కుంటాడు.

హెల్ప్‌లైన్‌కు చెబితే ముందు నా సెంటర్ నడిపే ఐడీ ఆపేస్తారు. ఐడీ లేకపోతే వేలిముద్రలు లేవు. నవంబర్‌లో ఇంకా వారం పైన ఉంది. ఈ వారం గడిస్తే నెమ్మదిగా, ఒక్కొక్కరికీ విడివిడిగా, నొప్పి తెలియకుండా చెప్పుకోవచ్చు.

నౌమాన్ కంప్యూటర్ శుభ్రం చేసిపోయాడు. శుభ్రంగానే ఉంది కదా ఇప్పుడు.

పెళ్లి చెడి పుట్టింటికి వచ్చినప్పుడు ఈ కాలనీలో నన్ను బాపు పేరుతో పాపం ఎల్లేశం బిడ్డ అనేవాళ్లు. ఇప్పుడు సెంటర్ సంధ్య అంటారు. ఆ పాపం మాట పోగొట్టుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఇవాళ క్యూలో ఒక్కొక్కరూ వచ్చి వేలు పెడుతుంటే ఎవరి కళ్లలోకీ చూడలేకపోయాను.

నవంబర్ 22

తిరుమల ఒక్కతే వచ్చింది. ఆ పిల్ల ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. ఇవాళా మెల్లగానే మాట్లాడింది.

"అక్కా, నస్పూర్‌ల మా దోస్తుకు మెడికల్ మెయిల్ అచ్చిందట. మా ఇద్దరిది ఒక్కటే బ్యాచ్. సోమవారం లోపట నొక్కాల్నట. మనది సూసినవా?"

"చూస్త. సర్వర్ ఇంకా సక్కగ లేదు."

"మూడొద్దుల సంది గదే అంటున్నవట, అవ్వ చెప్పింది."

"నేను చూస్త అంటున్న గదా!" అని కసిరాను. ఆ పిల్ల మీద! తల వంచుకుని పోయింది.

ఆమె పోగానే మెయిల్ తిరిగి తెచ్చుకునే దారి వెతికాను. ఓటీపీ పంపుతామంటుంది, పంపే నంబరు బిక్షం ఫోన్ నంబరు. ఆయన పోయాక రీచార్జి చేయించలేదు, ఎవరికి గుర్తుంటుంది. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తింది, ఒడియానో బెంగాలీనో తెలియదు. ఓటీపీ ఓటీపీ అని నేను అరిస్తే దొంగననుకుని పెట్టేసింది. ఆమె తప్పేముంది, నిజంగానే దొంగల్లాగే అడిగాను.

నవంబర్ 23

చెప్పాలి.

రేపు ఆదివారం, తిరుమల ఇంట్లోనే ఉంటుంది, ఆ పిల్ల ఎదురుగా చెప్పడం బాగుండదు. సోమవారం పొద్దున్నే మల్లక్క ఒక్కతే ఉన్నప్పుడు పోయి చెబుతాను.

సోమవారమే ఆఖరి రోజు. ఏం రాస్తున్నానో నాకు తెలుస్తూనే ఉంది.

నవంబర్ 24

బాపుకు ముందు చెప్పాను. అన్నం తింటున్నవాడు ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. తిడతాడనుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే.

"మల్లక్కకు ఎర్కనా?"

"లేదు."

"బాయిల పైకప్పు కూలుతదని ఎర్కై, గ్యాంగుకు చెప్పకుంట నేనొక్కన్నే బైటికస్తే, నన్నేమంటరు బిడ్డా?" అని, చెయ్యి కడుక్కుని చొక్కా తొడుక్కున్నాడు. నాకంటే ముందే వాకిట్లోకి నడిచాడు.

మల్లక్క క్వార్టర్ ముందు తుంగ చాప మీద కూర్చుని ఉల్లిగడ్డలు ఎండబోస్తోంది. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది, కబురు తెచ్చాననుకుంది. నిలబడే చెప్పాను. ఎక్కడా ఆపకుండా, పాఠం అప్పజెప్పినట్టు. తిరుమల గుమ్మంలోకి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

ఉద్యోగం ఏమైతదని అడుగుతుందనుకున్నాను. మల్లక్క ముందు అది అడగలేదు.

"అయితే మా ఆయన నంబరు ఇప్పుడు ఇంకెవనికో ఎర్కైందా?"

తలూపాను.

"నీకెప్పుడు ఎర్కైంది?"

నిన్న అందామని నోటిదాకా వచ్చింది. బాపు నా పక్కనే ఉన్నాడు. "బుధవారం" అన్నాను.

మల్లక్క చేతిలోని ఉల్లిగడ్డ చాప మీద పెట్టింది. "ఇన్నొద్దులు నా ఎదురుంగనే తిరిగినవ్ గదనే సంధ్యా" అంది. అరిచి ఉంటే బాగుండేది. జుట్టు పట్టుకుని రెండు పీకినా పడేదాన్ని. ఆ గొంతు తట్టుకోవడం నా వల్ల కాలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను, ఎవరూ ఓదార్చలేదు.

నవంబర్ 25

పొద్దున్నే గని కంపెనీ ఆఫీసుకు పోయాం. నేను, బాపు, మల్లక్క, తిరుమల. షట్టర్ తీయలేదు.

డిపెండెంట్ ఉద్యోగాలు చూసే సెక్షన్ గది ముందు వరండా నిండా జనం. పింఛను పనుల కౌంటరు కూడా పక్కనే కావడంతో సగం నా వాళ్లే. ఎల్లన్న కాక నన్ను చూసి, "ఏంది బిడ్డా, ఇయ్యాల నీ దుకాణం గిక్కడ పెట్టినవా?" అన్నాడు. నవ్వబోయాను, రాలేదు.

సెక్షన్ సార్ చెడ్డవాడు కాదు, తలనొప్పితో ఉన్నాడు. స్క్రీన్ చూసి చెప్పాడు. "మెయిల్ పోయిన వారమే వెళ్లిందమ్మా. చదివినట్టు కూడా చూపిస్తోంది. ఎవరూ కన్ఫర్మ్ చెయ్యలేదు. అమ్మాయి నిర్లక్ష్యం చేస్తే మేమేం చేస్తం?"

తిరుమల పెదవి కొరుక్కుంది తప్ప నా వైపు చూడలేదు. చూసి ఉంటే తట్టుకునేదాన్ని.

"ఆమె చెయ్యలేదు సార్. ఆ మెయిల్ ఆమె చేతుల లేదు. నా సెంటర్‌ల దొంగలు పడ్డరు. నా తప్పు" అన్నాను.

"ఏంటి? గట్టిగ చెప్పమ్మా, ఫ్యాన్ సప్పుడుల వినబడుత లేదు."

వరండాలో మాటలు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి చూడలేదు, కానీ అందరూ వింటున్నారని వీపుకు తెలుస్తోంది. గట్టిగా చెప్పాను. నౌమాన్ ఎన్నిసార్లు చెప్పినా పాత బ్రౌజరే వాడానని, దొంగ అప్‌డేట్ నొక్కానని, తెలిశాక కూడా నాలుగు రోజులు నోరు మూసుకున్నానని, నా సెంటర్‌లో తెరిచిన ప్రతి మెయిల్, ప్రతి పాస్‌వర్డు పోయిందని.

సార్ కళ్లజోడు తీసి, తిరుమల గుర్తింపు కార్డు అడిగి, లోపలికి ఎవరికో ఫోన్ చేశాడు. ఆ ఫోన్ ఎంతసేపు నడిచిందో నాకు తెలియదు. మల్లక్క తిరుమల చెయ్యి పట్టుకుని ఉంది. ఆ రెండు చేతులే చూస్తూ నిలబడ్డాను.

"ఇవాళ గడువు దాటలేదు కాబట్టి చేత్తో ఎక్కిస్తున్న. ఆఖరు బ్యాచ్‌ల ఆఖరు పేరు. గురువారం దవాఖానకు రావాలె. రాకపోతే ఇగ నేనేం చెయ్యలేను."

మల్లక్క సార్‌కు దండం పెట్టింది. రేపు వచ్చి ఉంటే అయిపోయేది. సోమవారం పొద్దున చెబుదామనుకున్నాను నేను!

బయటికి తిరిగితే వరండా అంతా నా వైపే. ఎల్లన్న కాక ముందుకొచ్చాడు. నవ్వు లేదు.

"మరి నాది?"

"నీది కూడా కాకా."

"నాదమ్మా?" రఘుపతి సార్.

"మీది కూడా సార్."

వరసగా అడిగారు. లైను తప్పలేదు. అందరికీ అదే జవాబు. బాపు నా పక్కన నిలబడి ఉన్నాడు. చివర్లో పక్క కాలనీ సుగ్రా బీ వచ్చి, తనది నా సెంటర్‌లో ఎప్పుడూ తెరవలేదని చెప్పి, "తౌబా, నువ్వు సుత గట్లనా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పోయింది.

నవంబర్ 26

హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను. సాయంత్రానికి ఐడీ ఆపేశారు. ఎప్పుడిస్తారో చెప్పలేమన్నారు.

రోడ్డవతల జైపాల్ సెంటర్ ముందు క్యూ.

నవంబర్ 28

తిరుమల మెడికల్ అయింది. ఫిట్. నౌమాన్ చెబితే తెలిసింది. వాళ్లింటి నుంచి ఎవరూ చెప్పి పంపలేదు. పంపాలని ఏముంది.

సంతోషంతో ఏడుపు వచ్చింది, దానితోపాటే ఇంకో ఏడుపు కూడా వచ్చింది. రెండూ విడదీయలేకపోయాను.

నవంబర్ 30

నౌమాన్ కంప్యూటర్ మొత్తం కడిగి కొత్తగా చేశాడు. పాత బ్రౌజర్ పోయింది. అప్‌డేట్ ఇకమీదట నన్ను అడగదు, రాగానే అయిపోతుంది. వేలిముద్ర మిషన్ కొత్తది రావాలి, అప్పటిదాకా పాతది మూలనే. నాకు ఐడీ కూడా లేదు. అయినా షట్టర్ ఎత్తాను. కొత్త మెయిళ్లు, కొత్త పాస్‌వర్డులు ఉచితమని అట్ట ముక్క మీద రాసి వేలాడదీశాను. పొద్దున్నుంచి ఎవరూ రాలేదు. బాపు స్టూలు వేసుకుని, లేని లైనుకు కాపలా కాశాడు.

బ్లాస్టింగ్ అయ్యాక ఎల్లన్న కాక వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన వెనక ఇంకొందరు. నేను కొట్టను, ఎవరిది వాళ్లే కొట్టుకోవాలి, పేరు వద్దు, బత్తి నంబరు అసలే వద్దు, ఇంకెవరికీ తెలియనిది ఏదన్నా అని చెప్పి, కుర్చీ ఇచ్చి, నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఒక్కొక్కరికి ఒక్కో యుగం పట్టింది. కాక అక్షరం ఏడున్నదని తనలో తనే అడుక్కుంటుంటే చెప్పబోయి నాలుక కరుచుకున్నాను.

షట్టర్ దించబోతుంటే మల్లక్క వచ్చింది. ఒక్కతే. నన్ను పలకరించలేదు. కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు పెట్టుకుంది. నేను గోడ వైపు తిరిగాను. వెనక ఒక్కొక్క మీట టక్కుమనడం, మధ్యలో చాలాసేపు ఏమీ లేకపోవడం. ఒకసారి తనలో తను ఏదో గొణుక్కుంది, నాకు వినబడకుండా. ఇదివరకైతే బల్ల మీదికి వంగి, రాయి చెల్లె అని గట్టిగా చెప్పేది.

"అయింది, ఇటు తిరుగు" అంది.

తిరిగాను. పచ్చ గుర్తు పడింది. కళ్లద్దాలు తీసి మడిచి రవికలో పెట్టుకుంది. లేచింది. గుమ్మం దాకా పోయి ఆగింది. తిరుమలకు ఎప్పుడు జాయినింగ్ అని అడగాలనుంది, నోరు రాలేదు.

"సంధ్యా" అంది, మొహం ఇటు తిప్పకుండానే. "మెయిల్ అస్తే నేనే సూసుకుంట. గా కొత్త నంబరు మాత్రం నీకు చెప్ప."

"చెప్పకక్కా" అన్నాను.